పాసు నంబరు తప్పనిసరి

ఆఫీసులో అందరూ ఆమెను మిరపకాయ అంటారు. చాటున కాదు, ముఖం మీదే. ఆ పేరు ఊరికే రాలేదని ఆ రోజు మేనేజరుకు మరోసారి తెలిసొచ్చింది.

ముందు రోజు ఆమె తల్లికి గొంతు ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు మాట రాదు, సైగలే గతి. ఆ సైగలు తెలిసింది పెద్దమ్మకే. తోడికోడళ్లిద్దరూ ఒకే వంటింట్లో తలలు నెరిసినవాళ్లు. అత్తగారి ముందు తిట్టుకున్నా నవ్వుకున్నా కళ్లతోనే కానిచ్చేవారు. మిరపకాయకు మర్నాటి రైలుకు గానీ టికెట్టు దొరకలేదు. ఈలోగా మంచం పక్కన పెద్దమ్మ ఉండాలి. ఆ పెద్దమ్మే ఫోన్ చేసింది.

"అమ్మడూ, గేటు దగ్గరే ఆపేశారే. ఫోన్లో పాసు తీసుకోవాలట. మీ అమ్మకి నేనేమవుతానని అడుగుతోంది. లిస్టులో భర్త, పిల్లలు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉన్నారు. తోడికోడలు లేదు. ఏది నొక్కినా ఎర్రక్షరాలే!"

"అక్కచెల్లెళ్లని నొక్కెయ్యి పెద్దమ్మా."

"నొక్కాను. ఒక తల్లి పిల్లలమని కాగితం పెట్టమంది. ఎవరిస్తారే, పైకెళ్లిన మా అత్తగారా?"

మిరపకాయకు ఒళ్లు మండిపోయింది. ఆ పాసులిచ్చే వెబ్‌సైటు చేసింది తమ కంపెనీయే. జావాలో రాసిన ఆ సైటుకు ఏ అర్జీ వచ్చినా ముందు వాలిడేటర్ అనే ప్రోగ్రాం తనిఖీ చేస్తుంది. దానికి నచ్చకపోతే అర్జీ గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. ఆసుపత్రిలో ఒక్క మనిషి కూడా దాని మొహం చూడడు. మొహం చూడకుండానే పొమ్మనడం ఏం మర్యాదో! ఆ మాటే వెళ్లి మేనేజరును అడిగింది.

"లిస్టు ఆసుపత్రివాళ్లిచ్చిందమ్మా. వచ్చే వారం మీటింగులో పెడదాం," అన్నాడు మేనేజరు తాపీగా. "అయినా సైటు పెట్టిన దగ్గర్నుంచీ ఒక్క ఫిర్యాదు రాలేదు, తెలుసా?"

ఆమె ఫిర్యాదుల ఫారం తెరిచింది. మొదటి గడే పాసు నంబరు. పక్కన ఎర్రచుక్క, తప్పనిసరి.

"సార్, పాసివ్వలేదని ఫిర్యాదు చెయ్యాలంటే చేతిలో పాసుండాలా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!"

"అది సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్‌లో..."

"పాపం, దాని మీదకి తొయ్యకండి. అది చెప్పింది చేస్తుంది. తప్పనిసరని చెప్పింది మనం."

ఫిర్యాదుల ఫారం బాధ్యత ఆమెదే, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ ఒక్క షరతూ పీకేసింది. పాసు దగ్గర తిరస్కరించిన ప్రతి అర్జీ కిందా ఫిర్యాదు బటన్ కనిపించేలా, అది నేరుగా ఆసుపత్రి సూపరింటెండెంటుకు చేరేలా మార్చింది. భోజనాల వేళకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మేనమామ రాశాడు, సవతి కూతురు రాసింది, పెంచిన తాత రాశాడు, ఎవరూ లేని ముసలాయనకు దిక్కయిన పక్కింటావిడ రాసింది. ఇన్నాళ్లూ వీళ్లంతా నోరు మూసుకుని కూర్చోలేదు, మనమే మూశాం అనుకునేసరికి ఆమెకు కంపెనీ మీదే కాదు, తన మీదా కోపమొచ్చింది.

మేనేజరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"సూపరింటెండెంటు తిట్టిపోస్తున్నాడు. ఇంతమందిని ఎవరాపమన్నారంటాడు. మీటింగూ వద్దట, గీటింగూ వద్దట. మార్చెయ్."

మార్చేసింది. లిస్టు తీసి ఖాళీ గడి పెట్టింది. అందులో ఎవరి వరస వాళ్లు రాసుకోవచ్చు. నర్సు వెళ్లి రోగిని అడుగుతుంది. రోగి తలూపితే పాసు వచ్చేస్తుంది. కొంపలేం మునగలేదు.

సాయంత్రం పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"మీ అమ్మ చేతులు మంచానికి కట్టేశారే!"

"ఏంటీ?"

"పొద్దున్నుంచీ చెయ్యి మొహం మీదకి పోనిస్తోందట. గొంతులో పెట్టిన గొట్టం పీకేసుకుంటుందని నర్సులు కట్టారట. వాళ్లకేం తెలుసే, భయపడ్డారు. నేను రాగానే కళ్లతో చెప్పింది, విప్పించాను."

"ఏం చెప్పింది పెద్దమ్మా?"

"ముక్కు దురదే తల్లీ. పొద్దున్నుంచీ, ఉత్త ముక్కు దురద!"

మిరపకాయ చెయ్యి తనకు తెలియకుండానే తన ముక్కు మీదకి పోయింది.

"ఉండు, ఇంకాస్త పైకి గోకమంటోంది," అని పెద్దమ్మ ఫోన్ పక్కన పెట్టింది.