పదో పుల్ల

మా అత్తగారు కేకుల్లోకి రాకముందు ముప్పై ఏళ్ళు దర్జీ పని చేశారు. కుట్టిన గౌను చేతికిచ్చేముందు గుండుసూదులన్నీ లెక్కపెట్టుకునేవారట. ఒక్కటి తగ్గినా గౌను గడప దాటేది కాదట. కుట్టుమిషను అమ్మేశారు గానీ ఆ అలవాటును మాత్రం మా కేకుల వంటింట్లోకి వెంటబెట్టుకొచ్చారు.

మాకు పది టూత్‌పిక్కులు ఉన్నాయి. పదే. ఒక్కోదాని కొసకు ఎర్రదారం చుట్టి స్టీలు గ్లాసులో పెట్టారావిడ. రంగు పిసరంత తీసుకోవాలన్నా, పంచదార ముద్దతో చేసిన బొమ్మ ఆరేదాకా మెడ వాలకుండా నిలబెట్టాలన్నా అవే. బొమ్మ ఆరాక పుల్ల లాగేసి, ఆ కన్నంలో సేమ్యాలాంటి పచ్చి స్పగెట్టీ ముక్క గుచ్చుతాం. పిల్లలు కొరికినా కరకరా నమిలేస్తారు, భయం లేదు. పెట్టె మూసేముందు గ్లాసులో పదీ ఉండాలి. ఉన్నాయా అని ఆవిడ నన్ను అడగాలి.

ఆ అడగడం ఉంది చూశారూ, అదే నాకు ఒళ్ళుమంట. రోజూ అదే ప్రశ్న. నేను ఉన్నాయన్నాక కూడా గ్లాసు ముఖం దగ్గరికి తీసుకుని ఓసారి చూసిగానీ కింద పెట్టరు. నా మాట మీద నమ్మకం లేనప్పుడు నన్నడగడం దేనికి? కోడలికి ఓ మొట్టికాయ వెయ్యాలంటే ఏదో వంక కావాలి కాబోలు అనుకునేదాన్ని.

ఆ రోజు మూడేళ్ళ పిల్లాడి పుట్టినరోజు కేకు. పైన జిరాఫీ నిలబడాలి. "మావాడు ముందు జిరాఫీ తల కొరుకుతాడండీ, కేకు సంగతి తర్వాత" అని వాళ్ళమ్మ ముందే చెప్పింది. పొద్దున్న నేను అత్తయ్య చేసిన జిరాఫీ మెడ సరిచేస్తుండగా ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి, కింద పచ్చిక రంగు ఇంకాస్త ముదురుగా ఉండాలంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఊఁ కొడుతూనే పని కానిచ్చాను.

పదకొండింటికి పిల్లాడి మేనమామ కేకు కోసం వచ్చాడు. పచ్చిక రంగు ఆరేదాకా బల్ల దగ్గర కూర్చోమని, కోసేసిన కేకు అంచులూ నాలుగు బాదంపప్పులూ పళ్ళెంలో పెట్టిచ్చాను.

"పదీ ఉన్నాయా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"ఆఁ, ఉన్నాయి" అన్నాను తల తిప్పకుండా. పెట్టె కట్టేశాను. ఆయన పట్టుకుపోయాడు.

అరగంట తర్వాత గ్లాసు కడుగుతూ ఒక్కో పుల్లా తీసి గుడ్డ మీద పరిచాను. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు పెడితే మాత్రం తొమ్మిది పదవుతుందా! బల్ల కింద, చెత్తబుట్టలో, సింకులో, నా జేబులో, అంతా వెతికాను. అప్పుడు జిరాఫీ మెడ గుర్తొచ్చింది. అందులో పుల్ల లాగానా, లాగలేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పచ్చిక రంగు గురించి మాట్లాడింది మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. నాలుగోసారి చేస్తుంటే గుమ్మంలో అత్తయ్య.

"ఎన్ని?"

"తొమ్మిది."

తిట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ చెప్పులు వేసుకుని, బల్ల మీదున్న సంచీ చంకన పెట్టుకున్నారు.

"బండి తియ్యి" అన్నారు.

పన్నెండింటికి కేకు కోస్తామన్నారు. దారిలో ప్రతి సిగ్నలూ మాకోసమే ఎర్రబడింది. ఆ పిల్లాడికి ఏమీ కాకపోతే చాలు, జన్మలో ఎవరికీ ఎదురుచెప్పను అనుకున్నాను. ఆ మాట నిలబెట్టుకోలేనని అప్పుడే తెలుసు, అయినా అనుకున్నాను.

మూడో అంతస్తు. పాట అయిపోయింది, చప్పట్లు కొడుతున్నారు. పిల్లాడు కుర్చీ మీద నిలబడి జిరాఫీని రెండు చేతులతో పట్టుకుని నోరు తెరిచాడు.

"ఆగండి!" అని అరిచిన అరుపుకు నాకే భయమేసింది. వెళ్ళి వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకున్నాడు. నేను జిరాఫీ మెడ విరిచాను. లోపల స్పగెట్టీ. నాలుగు కాళ్ళూ విరిచాను. నాలుగింట్లోనూ స్పగెట్టీయే.

"ఏంటండీ ఇది? మతుండే చేస్తున్నారా?" అంది వాళ్ళమ్మ.

దాచడానికేముంది, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఒక పుల్ల లెక్క తగ్గింది, కేకులో ఎక్కడైనా ఉండొచ్చు, ఎవరూ ముట్టుకోవద్దు, కొసకు ఎర్రదారం ఉంటుంది అని. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. పిల్లాడి అమ్మమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి కళ్ళు చికిలించింది.

"ఒరేయ్, నీ నోట్లో అదేంట్రా?"

కిటికీ దగ్గర మేనమామ. పెదవి మూల నుంచి ఎర్రదారం వేలాడుతోంది.

"ఇదా? పంట్లో బాదంపప్పు ఇరుక్కుంది. గ్లాసులో బోలెడున్నాయి కదా అని ఒకటి తీసుకున్నా. ఏం, తీసుకోకూడదా?"

ఆయన్ని కొట్టాలో కాళ్ళకు దండం పెట్టాలో తెలియలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాను. ముందు అమ్మమ్మ నవ్వింది, తర్వాత ఇల్లంతా నవ్వింది. మేనమామ ఆ పుల్లను తీసి, రుమాలుతో తుడిచి మరీ నాకిచ్చాడు.

అత్తయ్య నా పక్కనే చతికిలబడి, సంచీలోంచి మిగిలిన పసుపురంగు పంచదార ముద్ద తీశారు. వేళ్ళతో నొక్కుతూ, లాగుతూ ఉంటే పిల్లలంతా చుట్టూ మూగారు. ఏడుస్తున్నవాడు కూడా ఎక్కిళ్ళు పెడుతూ దగ్గరికొచ్చాడు. అయిదు నిమిషాల్లో జిరాఫీ లేచింది.

"కళ్ళు నువ్వు పెట్టు" అని నా చేతికిచ్చారు. పెట్టాను. వాడు తల కొరికి, నమిలి, మింగాడు. అమ్మయ్య! అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

తిరిగి వెళ్తుంటే బండి ఓ పక్కకు ఆపమన్నారావిడ. ఇక మొదలవుతుందనుకున్నాను. ఆవిడ బండి దిగి నిలబడ్డారంతే.

"తిట్టరేం?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని తిట్టను? నాకు ఆ పుల్లలు కనబడక ఏడాది కావొస్తోంది."

"రోజూ గ్లాసు పట్టుకుని చూస్తారుగా?"

"చూస్తాను. ఎర్రగా అలికినట్టుంటుంది. మూడున్నాయో ముప్పై ఉన్నాయో తెలీదు. అందుకే నిన్నడుగుతాను. నువ్వు ఉన్నాయంటే ఉన్నట్టే నాకు."

నాకు తల కొట్టేసినట్టయింది.

"అత్తయ్యా, నేను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఎలాగూ మీరు చూస్తారు కదా అని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వారానికి నాలుగు కేకులు. ఎన్ని ఏనుగులు, ఎన్ని కుందేళ్ళు, ఎన్ని మెడలు! ఒక్కటీ ఎవరూ లెక్కపెట్టలేదు.  అంతలో తట్టింది: గ్లాసులో తొమ్మిది, నా జేబులో ఒకటి. పదీ ఉన్నాయి. అంటే ఏడాదంతా ఒక్కటీ పోలేదు. ఆ మాటే పైకన్నాను. ఆవిడ చేత్తో నోరు మూసుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

"డాక్టరుకి చూపించుకోవచ్చుగా?"

"చూపించుకున్నా. శుక్లాలట, తీసేస్తే సరిపోతుందట. కానీ నెల్లాళ్ళు ఈ పని ముట్టుకోకూడదన్నారు." సంచీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "ఆ నెలా నేను లేకుండానే నీకు జరిగిపోతే?"

ఆవిడకు అంత భయం ఉందని నేనెన్నడూ అనుకోలేదు.

"నేను చేస్తే జిరాఫీ మంచం కోడులా ఉంటుంది అత్తయ్యా. నెల్లాళ్ళూ ఒట్టి పూల కేకులే ఒప్పుకుంటా. బొమ్మలడిగితే మీరొచ్చేదాకా ఆగమంటా."

"నిజంగానా?"

"ఒట్టు. ఇప్పుడే వెళ్దాం పదండి డాక్టరు దగ్గరికి."

ఆవిడ వెనక సర్దుకుని కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేశారు.

"సరే. కానీ రేపట్నుంచి పైకి లెక్కపెట్టు" అన్నారు. "నాకు వినబడేట్టు."