చివరి ఇంటి దిబ్బ

రెండో అంతస్తులో ఖాళీ అయిన ఫ్లాట్ పట్టపగలే తగలబడింది. దాని పైన ఉండే నర్సు రూతు తడిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ మెట్లు దిగింది. కింద ఓనరు మనిషి సిగరెట్ కాలుస్తున్నాడు. పాత వైరింగ్, అందరూ త్వరగా వెళ్ళిపోతే మంచిదన్నాడు. ఆ ఫ్లాట్‌కి కరెంటు ఎప్పుడో తీసేశారని మాకు తెలుసు. అయినా ఒక్కరూ నోరెత్తలేదు, భయం.

అది 1981, అమెరికాలో జెర్సీ సిటీ. మా పాత ఇటుకల బిల్డింగ్‌కి కొత్తగా గిరాకీ వచ్చింది. మమ్మల్ని వెళ్ళగొట్టి డబ్బున్నవాళ్ళకి అమ్ముకోవాలని ఓనరు చలికాలంలో హీటు ఆపాడు, వీధి తలుపు తాళం పీకించాడు. ఒక్కో కుటుంబం జారుకుంది. మేం మహా మంచివాళ్ళం కదా, వెళ్ళేవాళ్ళకి పులిహోర కట్టిచ్చాం. పెట్టెలు మోసి వ్యాన్‌లో ఎక్కించి చేతులూపాం.

ఆదివారం తెలుగు ప్రార్థన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టుకున్నాం.

"నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఓనరుతో గొడవై పోలీస్ రికార్డ్ అయితే నా పని ఫినిష్. రేపు మూవ్ అవుతున్నా" అన్నాడు ఇంజనీర్ శ్యామ్‌సుందర్.

"నేనూ ప్యాక్ చేసుకుంటానయ్యా. డ్యూటీలో ఉన్నా పొగ వాసనే వస్తోంది" అంది రూతు.

చరిత్ర చదువుతున్న జయంతి కాలేజీ ప్రొజెక్టర్ తెచ్చి గోడ మీద ఒక ఫొటో వేసింది. విమానంలోంచి తీసిన ఇంగ్లండ్ మైదానం. గొర్రెలు మేస్తున్నాయి. ఏటవాలు ఎండలో గడ్డి కింద చదరపు దిబ్బలు, వాటి మధ్య పొడుగాటి పల్లం కనిపిస్తున్నాయి.

"ఇదొక ఊరు, ఆంటీ. ఆ దిబ్బలు ఇళ్ళు. పల్లం వీధి, జనం నడిచి నడిచి అలా దిగిపోయింది. ఐదువందల ఏళ్ళ కింద ఉన్నికి రేటొచ్చింది. దొరకి మనుషుల కన్నా గొర్రెలు లాభమనిపించి పొలాలకి కంచె వేశాడు."

"జనాన్ని చంపేశాడా?" అంది రూతు.

"అవసరం పడలేదు. ఒక్కో ఇల్లు ఖాళీ అయ్యేకొద్దీ మిగిలినవాళ్ళకి భయం పెరిగింది."

రూతు గోడ దగ్గరికెళ్ళి ఒక దిబ్బ మీద చెయ్యి పెట్టింది. "చివరిదాకా ఉన్నది ఎవరు?"

"తెలీదు, ఆంటీ."

"పోయినోళ్ళ సామాను ఎవరు మోశారు?"

మేమంతా తలలు వంచుకున్నాం.

మర్నాడు పొద్దున శ్యామ్‌సుందర్ పెట్టెలు మెట్ల దగ్గర పెట్టుకుని మా కోసం చూశాడు. మేమంతా, ఎదురు ఫ్లాట్ పోర్టోరికో వాళ్ళతో సహా, వచ్చి అరిగి గుంటలు పడ్డ ఆ మెట్ల మీద కూర్చున్నాం.

"కొంచెం హెల్ప్ చేయండి ఆంటీ" అన్నాడు.

"పులిహోర చేశానయ్యా. ఇక్కడే ఉండి తిను. పెట్టె మాత్రం ఎవరం మొయ్యం" అంది రూతు.

ఓనరు మనిషి పోలీసుల్ని పిలిచాడు. దారికి అడ్డం, లేవమన్నారు. అందరికంటే కింది మెట్టు మీదున్న రూతూ లేవలేదు, మేమూ లేవలేదు. ఆమె చేతులకి బేడీలు వేసి తీసుకెళ్ళారు.

శ్యామ్‌సుందర్ పెట్టెలన్నీ ఒక్కడే తిరిగి లోపల పెట్టి, కిందికొచ్చి, రూతు కూర్చున్న మెట్టు మీద కూర్చున్నాడు.

"భయంగా ఉంది" అన్నాడు.

"మాక్కూడా" అని జరిగి దగ్గరగా కూర్చున్నాం.