శ్రుతిదండం మీద ఆకురాయి

ఏడిపించడానికి ఒక బామ్మర్ది ఉంటే చాలు, కొందరు మగవాళ్లకి వేరే ఆస్తిపాస్తులు అక్కర్లేదు. మన బావ ఆ కోవలోనివాడు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ పాటలు వాయించే చిన్న బృందం ఒకటి నడిపేవాడు. తను కీబోర్డు ముందు కూర్చునేవాడు, భార్య తమ్ముణ్ణి ఎలక్ట్రిక్ గిటారుతో పక్కన నిలబెట్టుకునేవాడు. ఆ తమ్ముడికి కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో బృందంలో ఎవరికీ గుర్తు లేదు. పొద్దస్తమానం బిరడాలు తిప్పి గిటారు తీగలు బిగించుకుంటూ కనిపిస్తాడని బావే అతనికి 'బిగింపు' అని పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది.

బిగించక ఏం చేస్తాడు పాపం? ఆ గిటారు శ్రుతిలో నిలిచేది కాదు. విరామం దాకా బుద్ధిగా ఉండి, ఆ తర్వాత గోడ దూకేది. ఒక పెళ్లిలో అది అరిచిన అరుపుకి పెళ్లికొడుకు తాతగారి కట్టుడుపళ్లు ఊడి మంచినీళ్ల గ్లాసులో పడ్డాయని బావ నలుగురిలో చెప్పి నవ్వించేవాడు. ఇంకో ఊళ్లో ఆ మోత విని గాడిద ఒకటి తన మేనమామ పిలుస్తున్నాడనుకుని హాల్లోకి వచ్చి ముందు వరసలో నిలబడిందనేవాడు. బిగింపు కూడా అందరితో కలిసి నవ్వేవాడు. నవ్వి, ఇంటికెళ్లి, స్క్రూడ్రైవరు తీసేవాడు.

అసలు సంగతి బావకొక్కడికే తెలుసు. విరామంలో బిగింపు మంచినీళ్లకి వెళ్లగానే బావ అటుగా నడుస్తూ నడుస్తూ రెండో తీగ బిరడాని వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవాడు. మొదట్లో సరదాకి చేశాడు. పోనుపోను అది కాఫీలాంటి అలవాటైంది. తిప్పని పూట ఏదో వెలితిగా ఉండేది.

బిగింపు మాత్రం దోషమంతా వాద్యంలోనే ఉందని నమ్మాడు. మనుషుల్ని అనుమానించడం అతనికి చేతకాదు. చెక్కనీ ఇనుమునీ అయితే ఎంతసేపైనా అనుమానించగలడు. ముందు పెన్సిలు ములుకు గీకి, ఆ నల్లపొడిని గిటారు మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ గాట్లలో పూశాడు, తీగ ఎక్కడా పట్టేయకుండా జారాలని. తర్వాత ఆ ప్లాస్టిక్ పట్టీనే పీకి పారేసి, మాంసం కొట్టునుంచి ఎముక తెచ్చి, ఉడకబెట్టి, ఆకురాయితో నున్నగా అరగదీసి కొత్త పట్టీ చేశాడు. అక్కాబావలతో కలిసి ఉండే ఇల్లంతా ఎముక వాసన. "ఒరేయ్, మీ అక్క వంటకన్నా నీ పట్టీయే రుచిగా ఉండేలా ఉందిరా," అన్నాడు బావ.

ఆ గిటారు కింది భాగంలో తీగలు ఆనుకునే ఇనప దిమ్మ ఒకటి ఊగుతూ ఉండేది. దాని వెనక స్ప్రింగుల గూట్లో, పాత మంచం కోడునుంచి కోసిన చెక్కముక్క దిగ్గొట్టి ఆ ఊగడం కూడా ఆపేశాడు. చిత్రమేమిటంటే, చేసిన ప్రతి మార్పుకీ గిటారు నిజంగానే బాగుపడేది. బావ వేలికే శ్రమ పెరిగింది.

ఆఖరికి బిగింపు తలుపు బందుల ఇనుము కోసి మూడు చిన్న పలకలు చేశాడు. మెడ మీద పట్టీ పక్కనే వాటిని తీగల మీద పెట్టి మరలతో నొక్కి బిగించేశాడు. ఇక తీగ బిగుతు ఆ పలకల దగ్గరే ఆగిపోతుంది, పైన బిరడాలు అలంకారానికే. ఆ మరలు ఊడదీయాలంటే అలెన్ కీ అనే చిన్న వంకర కడ్డీ కావాలి. దాన్ని తాడుకి కట్టి మెడలో వేసుకున్నాడు.

"ఏంట్రా అది, గిటారుతో పెళ్లయిందా?" అన్నాడు బావ.

"అయింది బావా. ఇక పుట్టింటికి పారిపోదు," అన్నాడు బిగింపు.

ఆ సాయంత్రం విరామంలో బావ బిరడా తిప్పాడు. తీగ పలకలేదు, ఉలకలేదు. గుండ్రంగా ఒక చుట్టు తిప్పేశాడు. బిరడా తిరిగింది గానీ స్వరం కొండలా కూర్చుంది. బావ ముఖంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

దెబ్బ మీద దెబ్బ అన్నట్టు, మర్నాడే బిగింపు వ్యాను కడుగుతూ ఇంకో మాట చెప్పాడు. "బావా, పెద్ద హోటల్లో రోజూ వాయించే బృందం ఉంది చూడు, అందులో గిటారు చోటు ఖాళీ అయిందట. దాన్ని నడిపే పియానో మేడమ్ ఎల్లుండి పొద్దున వచ్చి వినిపించమంది. తప్పితే మళ్లీ ఇప్పట్లో రాదు ఇలాంటిది. నాకు వయసు కూడా దాటిపోతోంది."

"దొరికితే మమ్మల్ని వదిలేస్తావన్నమాట."

"వదలడమేంటి బావా! కాకపోతే ఈ వ్యాను నువ్వే కడుక్కోవాలి," అని నవ్వి, బావ మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాడు.

బావ నవ్వలేదు. వ్యాను నడిపేదెవడు? స్పీకర్లు మోసేదెవడు? తెగిన వైర్లు అతికేదెవడు? అవన్నీ పోనీ, కూలికి మనుషులు దొరుకుతారు. నలుగురిలో నవ్వడానికి ఎవడు దొరుకుతాడు? ఆ దిగులే బావ గుండెని ఎక్కువ పిండింది.

బిగింపు దగ్గర ఒక శ్రుతిదండం ఉండేది. రెండు కొమ్ములున్న నల్ల ఉక్కు కడ్డీ. మోకాలికి కొడితే ఒకే ఒక్క స్వరం పలికేది. చనిపోయిన తండ్రిది అది. ఆయన బ్యాండుమాస్టారు. పొద్దున్నే పిల్లల్ని పేరు పెట్టి లేపేవాడు కాదు. దాన్ని మోగించి, కాడని వాళ్ల పంటికి ఆనించేవాడు. పుర్రె అంతా ఝుమ్మంటే లేచి కూర్చునేవాళ్లు. ఫోనులో శ్రుతి చూపించే సదుపాయాలు ఎన్ని వచ్చినా బిగింపుకి అదొక్కటే ప్రమాణం.

మామగారు బతికుండగా అన్నం తింటూ అల్లుడికి చెప్పిన మాట ఒకటుంది. "దీని దగ్గరికి ఆకురాయి రానివ్వకు నాయనా. కొమ్ములు కలిసే మొదట్లో అరిగితే స్వరం దిగిపోతుంది. కొమ్ముల కొసలు అరిగితే ఎక్కిపోతుంది." అల్లుడు ఆయన చెప్పినవాటిలో గుర్తుంచుకున్న మాట ఇదొక్కటే.

ఆ మధ్యాహ్నం బిగింపు కొత్త తీగలు కొనడానికి బజారుకెళ్లాడు. బావ భార్య కునుకు తీస్తోంది. సామాన్ల గదిలో బావ తలుపు దగ్గరగా వేసుకుని, ఎముక పట్టీని అరగదీసిన ఆ ఆకురాయినే తీసుకుని, శ్రుతిదండం కొమ్ముల మొదట్లో, లోపలివైపు రాయడం మొదలుపెట్టాడు. మోగించి, కీబోర్డుతో పోల్చి, మళ్లీ రాశాడు. స్వరం ఒక మీటకీ పక్క మీటకీ సరిగ్గా నడుమకి దిగేదాకా ఆపలేదు. అక్కడైతే ఎటు జరిగినా అపశ్రుతే. ఉక్కు మెరుస్తున్న చోట పెన్సిలు పొడి పులిమాడు. ఆ పొడి కూడా బామ్మర్దిదే. చేస్తున్నంతసేపూ ఈల వేసుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున బిగింపు స్నానం చేసి, దండం మోగించి, దానికి తగ్గట్టు ఆరు తీగలూ సరిచేసి, పలకలు బిగించాడు. మెడలో తాడు సర్దుకుంటుంటే బావ గుమ్మంలో నిలబడి పకపకా నవ్వాడు.

"ఆ కీ ఎందుకురా? నీ బిగింపు మీద నీకే నమ్మకం లేదా? అది మెడలో వేసుకుని వెళ్తే పియానో మేడమ్ నిన్ను సైకిళ్ల రిపేరువాడనుకుంటుంది."

"నిజమేలే," అని బిగింపు అలెన్ కీని మేకుకి తగిలించాడు.

వంటింట్లోంచి అక్క అరిచింది. "ఏమండీ, ఈ ఒక్క రోజైనా వాణ్ణి వదిలెయ్యకూడదూ?"

"వాణ్ణి కాకపోతే ఎవర్ని ఏడిపించనే? మీ ఇంట్లో ఇంకెవరున్నారు?"

హోటలు హాల్లో బల్లల మీద కుర్చీలు తలకిందులుగా పెట్టి నేల తుడుస్తున్నారు. పియానో మేడమ్ నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. తోడొచ్చిన బావ గోడవారగా కూర్చున్నాడు. ఆవిడ ఒక స్వరాల గుంపు నొక్కింది. బిగింపు మీటాడు.

ఆ రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి గోళ్లతో రక్కుకున్నాయి. నేల తుడిచేవాడి చేతిలో కర్ర ఆగిపోయింది.

"శ్రుతి చేసుకో బాబూ," అందావిడ.

"చేసుకునే వచ్చానండి."

"మళ్లీ చేసుకో."

"పలకలు బిగించేశానండి. కీ ఇంటి దగ్గరుంది."

నలుగురైదుగురు వెయిటర్లు మూగారు. ఆవిడ ఒక మీట నొక్కింది, దాని పక్క మీట నొక్కింది. "నువ్వు ఇక్కడా లేవు, అక్కడా లేవు. సందులో ఇరుక్కున్నావు. పైకి జరిపి వాయిద్దామన్నా కుదరదు, కిందకి జరిపినా కుదరదు."

బిగింపు జేబులోంచి శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టాడు. కాడని పియానో చెక్కకి ఆనించాడు. హాలంతా ఆ వంకర స్వరం పాకింది. "ఇది మా నాన్నగారి శ్రుతండి. ఇది తప్పదు. మీ పియానోయే ఎక్కి ఉంటుంది."

వెయిటర్లు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయితే మీ నాన్నగారికి కూడా చెవుల్లేవన్నమాట," అంది. ఆ తర్వాత గోడవైపు తిరిగింది. "మీరూ వాయించేవాళ్లేగా? మీకేమనిపిస్తోంది?"

బిగింపు బావ వైపు చూశాడు. బావ ఒక్క మాట అంటే సరిపోయేది. దండం ఎవరో పాడుచేశారండి, కుర్రాడు మంచివాడు, రేపు మళ్లీ వినండి. అంతే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇంతమంది నవ్వుతున్నప్పుడు ఆ నవ్వుని తనవైపు తిప్పుకోవడం బావకి చేతకాలేదు.

"నాకంత తేడా తెలియదండీ. మీటలు నొక్కేవాణ్ణి. శ్రుతి కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు."

మళ్లీ నవ్వులు. ఆవిడ లేచి, గిటారు మెడ మీది ఇనప పలకల్ని వేలితో తడిమి చూసింది. "పని మాత్రం గట్టిగా చేశావు. ఇంత నిలకడగా ఉండే అపశ్రుతి నా జన్మలో వినలేదు," అని పియానో మూత వేసేసింది.

వ్యానులో బావ రెండు మూడు జోకులు ప్రయత్నించాడు. గాడిదని కూడా తీసుకొచ్చాడు. బిగింపు నవ్వలేదు. ఇన్నేళ్లలో అతను నవ్వకపోవడం అదే మొదలు.

ఇంటికి రాగానే శ్రుతిదండాన్ని బల్ల మీదకి విసిరాడు. "నాన్న జీవితమంతా తప్పు స్వరంలోనే వాయించాడక్కా. నాకూ అదే అంటగట్టి పోయాడు. ఆవిడ బావని కూడా అడిగింది. తేడా తెలియదన్నాడు బావ. నాకూ తెలియలేదు. మనకెవరికీ చెవుల్లేవు."

అక్క దండం తీసుకుంది. మోకాలికి కొట్టి, కాడని పంటికి ఆనించుకుంది. బావ ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. నిద్రలేచిన పిల్లలా ఉలిక్కిపడుతుందనుకున్నాడు. ఆమె ఎంగిలి ముద్ద నోట్లో పడ్డట్టు ముఖం పెట్టింది.

"ఇది నాన్న స్వరం కాదు," అంది.

కొమ్ముల నడుమ కొంగు దూర్చి గట్టిగా తుడిచింది. కొంగు నల్లబడింది. కొమ్ముల మొదట్లో తెల్లని ఉక్కు కొత్త గాయంలా మెరిసింది. ఆమె తమ్ముడి చేతికి ఇచ్చింది. బిగింపు వేలితో ఆ గీతలు తడిమాడు. తన ఆకురాయి పళ్లు తను గుర్తుపట్టలేడా? కొంగుకి అంటిన నలుపు వాసన చూశాడు. అప్పుడు ఇన్నేళ్ల విరామాలూ, ఇన్నేళ్ల మంచినీళ్ల గ్లాసులూ అతని ముఖం మీద ఒక్కొక్కటే నడిచి వెళ్లాయి.

"బిరడాలు కూడా నువ్వేనా బావా?"

"సరదాకిరా..." అన్నాడు బావ.

బిగింపు దండాన్ని అక్కకి తిరిగి ఇచ్చేసి, మేకు మీది అలెన్ కీ తీసుకుని, గిటారుని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. ఒక్కో మరా ఊడదీయడం మొదలుపెట్టాడు.

అక్క కుర్చీ లాగింది. "కూర్చోండి. కొసలు అరగదీస్తే స్వరం ఎక్కుతుందని నాన్న మీకేగా చెప్పింది? ఎక్కించండి."

బావ కూర్చున్నాడు. ఆకురాయి పట్టాడు. రాసినప్పుడల్లా ఆమె దండం అందుకుని, మోగించి, పంటికి ఆనించుకుని, తిరిగి ఇచ్చేది.

"ఇంకా."

ఉక్కు అరగదీయడం ఎముక అరగదీయడం లాంటిది కాదు. బావ బొటనవేలి చర్మం లేచింది. తర్వాత చూపుడువేలిది లేచింది. ఇనప రజను పుళ్లలోకి దిగింది.

"ఇంకా."

అవతల బిగింపు తీగలు వదులు చేస్తున్నాడు. ఒక్కొక్కటీ మూలిగి మెత్తబడుతోంది. చివరికి ఒక దెబ్బకి దండం పలికిన స్వరం బావ చెవిలో తాళంలో తాళంచెవి తిరిగినట్టు కూర్చుంది.

"వచ్చేసింది!" అన్నాడు గబుక్కున.

"ఏం వచ్చింది?"

"స్వరమే! మీ నాన్న స్వరం. ఇంకొక్కసారి రాస్తే దాటిపోతుంది."

ఆమె దండం పంటికి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. ఆ తర్వాత కళ్లు తెరిచి దండాన్ని భర్త చేతిలో పెట్టింది.

"తెలుస్తోందే మీకు! పొద్దున హోటల్లో తెలియదన్నారటగా?"

బావ ఆకురాయి కింద పెట్టబోయాడు.

"ఇంకా," అంది ఆమె.

"పాడైపోతుందే! మీ నాన్నది!"

"ఇంకా."

బావ రక్తం కారుతున్న వేళ్లతో బామ్మర్ది వైపు తిరిగాడు. ఎప్పుడూ కలిసి నవ్వేవాడు కదా, ఇప్పుడూ వాడే గట్టెక్కిస్తాడని ఆశ. "ఒరేయ్, నువ్వైనా చెప్పరా! సరిపోయిందా లేదా?"

బిగింపు ఆఖరి తీగని పూర్తిగా వదిలేసి తలెత్తాడు.

"నాకంత తేడా తెలియదు బావా," అన్నాడు.