సంధికిచ్చిన బిడ్డ

ఒకే కారులోంచి అన్నయ్య కరుణాకర్ రావు, బావగారు అర్జున్ రావు దిగుతుంటే, ఎవరో పోయారనే అనుకుంది జానకి. కోరుట్లలో తన ఇంటి మెట్ల మీద చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోక ముప్పై రెండేళ్ళు.

"లోపలికి రమ్మనవా చెల్లె?" అన్నాడు కరుణాకర్ రావు.

గొల్లపల్లి దగ్గర పక్కపక్క ఊళ్ళలో ఆ రెండు దొరల కుటుంబాలకూ కోటల్లాంటి గడులుండేవి. తాతల కాలంలో చెరువు తూము దగ్గర మొదలైన పగ రెండు ప్రాణాలు తీసింది. ఒక ఇంటి పిల్లను రెండో ఇంటికిస్తే చల్లబడుతుందని చివరికి పెద్దమనుషులు తీర్మానించారు. అలా ఇరవై ఏళ్ళ జానకి, అర్జున్ రావు తమ్ముడికి భార్యగా వెళ్ళింది.

ఆ సంధి పద్నాలుగు నెలలు నిలిచింది. సర్పంచి ఎన్నికల్లో మళ్ళీ కర్రలు లేచి ఆమె పుట్టింటివాళ్ళ దెబ్బకు మామగారి చెయ్యి విరిగింది. పుట్టింటి గడప తొక్కితే ఈ గడప లేదనుకో అన్నాడాయన. భర్త మెత్తటివాడు. గొడవలు పడలేక ఆమెతో కోరుట్ల వచ్చేశాడు గానీ, తండ్రి మాట మాత్రం దాటలేదు. భర్త పోయి ఆరేళ్ళు. మామగారూ అంతకు ముందే పోయాడు. అయినా ఎవరూ ఆమెను రమ్మనలేదు.

నిరుడు తల్లి చనిపోయిన సంగతి జానకికి నాలుగోరోజు తెలిసింది. జగిత్యాల మార్కెట్లో పుట్టింటి పాత పనిమనిషి ఎదురుపడి చెప్పింది. కూరగాయల సంచితో బస్టాండుకు వెళ్ళి, గొల్లపల్లి బస్సులు రెండు వచ్చి వెళ్ళిపోయేదాకా కూర్చుని, కోరుట్ల బస్సెక్కింది.

ఇప్పుడా అన్నయ్య తన ఇంట్లో చాయ్ తాగుతున్నాడు.

"ఇద్దరికి గుండె డాక్టరు ఒక్కడేనమ్మా," అన్నాడు అర్జున్ రావు. "మొన్న కరీంనగర్ల పక్కపక్క కుర్చీలల్ల కూసోవెట్టిండ్రు. ఎంతసేపని గోడలు చూస్తం? మాటలు కలిసినయి."

"మంచిదే గదా," అంది జానకి.

"మా విశ్వజిత్‌కు నీ సంజననిస్తే," అన్నాడు కరుణాకర్ రావు, "మేనరికం. రెండిండ్లు మళ్ళ ఒక్కటయితయి."

జానకి కూతురు సంజన ఎల్లారెడ్డిపేట మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి. సిరిసిల్లలో గది తీసుకుని ఉంటోంది. మేనమామ కొడుకైన విశ్వజిత్‌ను ఫోటోలో కూడా చూసి ఉండదు.

 జానకి గొంతు పెంచకుండానే అంది: "నన్నిచ్చిన్నాడు గూడ గిదే మాటన్నరు అన్నయ్యా. కలవాలనుంటే మీరు కలవుండ్రి. బావగారూ, మీరు మా అన్న ఇంట్ల కూసోని అన్నం తినుండ్రి. అన్నయ్యా, నువ్వు మా మామ ఫోటోకు దండం పెట్టి తప్పయిందను. దానికి నా బిడ్డెందుకు నడుమ?"

"నడుమ ఒక ఆధారం ఉండాలె గద?" అన్నాడు కరుణాకర్ రావు.

"ఒకసారి నేనున్న గదా. గొడవయినంక నేనెట్లున్ననో మీ ఇద్దరిల ఎవలన్న అడిగిండ్రా?"

అర్జున్ రావు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళకు వచ్చిన ఒక్క కారునూ తనే పంపించేసిందనిపించింది జానకికి. సాయంత్రం ఫోన్లో, "మీ మామయ్య వచ్చిండే," అని చెప్పింది.

"ఎవరి మామయ్య?" అంది సంజన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

మూడు వారాల తర్వాత కరుణాకర్ రావు ఫోన్ చేశాడు. "మీ మామ ఫోటో ముందు నిలవడ్డ. నువ్వు చెప్పిన మాటనే అన్న. ఎల్లుండి అమ్మ సంవత్సరీకం. బావ వస్తుండు, మా ఇంట్ల తింటనన్నడు. నువ్వు గూడ రా."

పెళ్ళి మాట ఎత్తలేదు.

జానకి బస్సులు మారి వెళ్ళింది. ఒకప్పుడు గడి ఉన్న చోట రేకుల గోదాం ఉంది. పక్కనే కొత్త ఇల్లు. వంటిల్లు ఎటో తెలియక వరండాలోనే ఆగిపోయింది. జానకి రాకపోకలు తెగిపోయాక కోడలిగా వచ్చిన శైలజ, కరుణాకర్ రావు భార్య, మంచినీళ్ళిచ్చి, "కూర్చోండి జానకిగారూ," అంది.

భోజనాల్లో ఆ ఇద్దరు మగవాళ్ళూ ఒకే వరసలో కూర్చున్నారు. మాత్రల పేర్లు చెప్పుకుని నవ్వుకున్నారు. అందరూ ఆ నవ్వును సంబరంగా చూశారు. జానకికి కారం సరిపోయిందా అని శైలజ రెండుసార్లు అడిగింది. ఆ ఇంట్లో ఆమెను అంతకుమించి అడగడానికి ఎవరికీ ఏమీ తెలియదు.

తిన్నాక, "అమ్మను ఎక్కడ కాలవెట్టిండ్రు?" అని అన్నను అడిగింది.

పొలం గట్టు మీదుగా తీసుకెళ్ళాడు. నాటు వేసి పది రోజులైనట్టుంది, అంతా ఒక్కటే పచ్చన. "గిక్కడ్నే," అన్నాడు. రెండడుగులు జరిగి, "కాదు, గాడ ఉండొచ్చు. గట్లు మారినయి," అన్నాడు.

ఏ మడివైపు చూడాలో జానకికి అర్థం కాలేదు.

"నీకు కబురు చెయ్యొద్దన్నది నేనే," అన్నాడు కరుణాకర్ రావు. "నువ్వొస్తే అత్తింటోళ్ళతోని నీకు కష్టమైతదని అందరికి చెప్పిన. గది గాదు. కోపం. పోయేముందు అమ్మ రెండుసార్లడిగింది."

"ఏమని?"

"జానకొచ్చిందా అని."

ఆమె గట్టు మీద కూర్చుంది.  అన్నను ఓదార్చాలని ఆమెకు అనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు.

"కారుల దించొస్త," అన్నాడు చివరికి.

"వద్దు. బస్సుకే పోత."

బస్సు వచ్చేదాకా ఆయన రోడ్డు మీద ఆమె పక్కనే ఎండలో నిలబడ్డాడు. బస్సు ఆగాక, "ఒకసారి సంజనను తోలుకరా. పెండ్లికి గాదు. ఊకనే," అన్నాడు.

"అడుగుత," అంది జానకి, మెట్టెక్కుతూ. "వస్తనంటే తెస్త."

జగిత్యాల దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.