పెదవుల మాట

తెలుగు సాలెలు ఏనాడో స్థిరపడ్డ ఆ మరాఠీ ఊళ్లో, అశోక్ చౌక్ వెనక సందులో ఉన్న టవల్ కార్ఖానాలో గొంతుతో ఎవరికీ పనిలేదు. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవుల్ని బాగా సాగదీసి, నిదానంగా, ఎదుటివాడికి మొహం మొత్తం కనపడేలా, చప్పుడు లేకుండా మాట్లాడతారు. ఇంటి గొడవలు, పెళ్లి సంబంధాలు, ఈ భాష రాని యజమాని సేఠ్ మీద జోకులు, అన్నీ అలాగే షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంటాయి. ఎవరి మీదైనా కోపమొస్తే తిట్టనక్కర్లేదు. మొహం తిప్పుకుంటే చాలు, మాట తెగిపోయినట్టే.

ఈ విద్యలో నరసయ్యను మించినవాడు లేడు. ప్రశాంత్ కొత్తగా పనిలో చేరినప్పుడు, తెగిన పోగు అతకడం కంటే ముందు నరసయ్య అతనికి నేర్పింది ఇదే. "నోట్లె నమలకు బిడ్డా. మొహం చూపియ్యి" అంటూ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మరీ నేర్పాడు. ఆ ప్రశాంత్ తర్వాత పనివాళ్ల మీద ముకాదం అయ్యాడు. ఈ మధ్య సేఠ్ పుణె పంపి ఏదో ట్రైనింగ్ ఇప్పించాక టీమ్ లీడర్ అయ్యాడు. చేసేది పాత ముకాదం పనే, కాకపోతే మెడలో కార్డు వేలాడుతుంది. ఆ కార్డు చూసి నరసయ్య తన కన్నకొడుకే పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు, పిచ్చి మనిషి.

నరసయ్యకు ఒక గుట్టుంది. ఆయనకు చెవులు పోయాయి. మగ్గాల మోతకు కొంచెం కొంచెంగా తగ్గి తగ్గి, చివరికి బొత్తిగా వినపడకుండా పోయింది. షెడ్డులో ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టడానికి అక్కడ చెవులతో పనేముంది? మగ్గం తేడా చేస్తే అరికాలి కింద నేల చెబుతుంది. టీ కొట్టు దగ్గరే చిక్కు. అక్కడ జనం పక్కకు తిరిగి మాట్లాడతారు. అందుకని ఆయన టీ షెడ్డులోకే తెప్పించుకునేవాడు. భార్యకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఇంతలో కొత్త మగ్గాలు వస్తున్నాయన్న మాట పుట్టింది. పోగును అటూ ఇటూ మోసే నాడె అక్కర్లేనివి, ఒక్క మనిషే ఎన్నింటినో చూసుకోగలిగేవి. అంటే షెడ్డులో చాలామంది ఇంటికి పోవలసిందే. ఉన్న పని పోతే ఈ వయసులో చెవిటివాణ్ణి ఏ కార్ఖానా పెట్టుకుంటుంది? నరసయ్యకు అన్నం సయించడం మానేసింది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున ప్రశాంత్ భవాని పేట్‌లో ఆయన ఇంటికి వచ్చాడు. గడప దాటుతూనే కాళ్లకు దండం పెట్టాడు.

"కాకా, రేపు పుణె నుంచి మేడమ్ వస్తున్నది. మగ్గాలు బంద్ చేసి అందరం సర్కిల్ లెక్క కూసుందం. ఎవరి మనసుల ఉన్నది వాళ్లు చెప్పాలె. మనోళ్లు నోరు తెరువరు గదా. నువ్వు ముందల చెప్పు, నిన్ను జూసి అందరు చెప్తరు."

"ఏం చెప్పాలెరా?"

"నీకేం తక్లీఫ్ ఉంటె అది. కొత్త మగ్గాలొస్తున్నయ్. ఎవరికేం ఇబ్బందో నాకు ఎరుకైతె వాళ్లకు తగ్గ కామ్ ఇప్పిస్త. ఫోల్డింగ్ ఉన్నది, చెకింగ్ ఉన్నది."

"సేఠ్‌కు తెలిస్తె?"

"సర్కిల్ల అన్నది సర్కిల్లనే ఉంటది. మార్కండేయుని మీద ఒట్టు, కాకా."

సాలె ఇంట పుట్టినవాడు కులదైవం మార్కండేయుడి మీద ఒట్టేస్తే ఇక అడగడానికి ఏముంటుంది? నరసయ్య అడగలేదు.

మర్నాడు మగ్గాలు ఆగాయి. ప్రాజక్త మేడమ్ మంచి మనిషే. చెప్పులు బయట విడిచి, అందరితోపాటు కింద నేల మీదే కూర్చుంది. నాయకుడికి మాట్లాడటం కన్నా వినడం ముఖ్యమని, వినేవాడి మీద నమ్మకముంటేనే మనిషి నోరు తెరుస్తాడని మరాఠీలో చెప్పింది. నరసయ్య ఆమె పెదవులు చూసి అంతా అర్థం చేసుకున్నాడు, మాటలు నచ్చాయి కూడా. కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ తమ కాలిగోళ్లు ఎన్నడూ చూడనట్టు చూసుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా ఉన్న ప్రశాంత్ చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. "చెప్పు కాకా."

నరసయ్య లేచి నిలబడ్డాడు.

"నాకు ఇనవడ్తలేదు. శాన రోజులాయె. భయానికి చెప్పలే."

అంతే, కట్ట తెగింది. పక్క మగ్గం మీద పనిచేసే వాసుదేవ్, షుగర్‌తో తన పాదాలు మొద్దుబారాయని, గాయమైనా తెలియడం లేదని చెప్పాడు. ఇంట్లో కూడా చెప్పలేదట. నూలు కండెలు చుట్టే పార్వతీబాయి పత్తి దుమ్ముకు రాత్రిళ్లు ఊపిరాడటం లేదంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేడమ్ చప్పట్లు కొట్టింది. ప్రశాంత్ వచ్చి నరసయ్యను కౌగిలించుకున్నాడు.

గుండెల మీద నుంచి బండ దించినట్టయింది ఆ ముసలాయనకు. ఆ సాయంత్రం ఎన్నాళ్లకో టీ కొట్టుకు పోయి, "జెర ఇటు తిరిగి మాట్లాడుండ్రి, నాకు ఇనవడదు" అని దర్జాగా అడిగి కూర్చున్నాడు. ఇంత తేలికైన సంగతిని ఇన్నేళ్లు ఎందుకు మోశానా అని తనలో తనే నవ్వుకున్నాడు.

షెడ్డు చివర సేఠ్ కేబిన్ ఉంది. మగ్గాలన్నీ కనపడాలని దానికి అద్దాలు పెట్టించాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నరసయ్య కండె మారుస్తూ తలెత్తి చూస్తే లోపల ప్రశాంత్ నిలబడి మాట్లాడుతున్నాడు. ప్రశాంత్ కూడా ఆయన్ను చూశాడు. చూసి, అటు తిరగలేదు. ఎందుకు తిరుగుతాడు? మధ్యలో అద్దం ఉంది, బయట మగ్గాల మోత ఉంది, పైగా ఆ ముసలాయన చెవిటివాడు. పుణె నీళ్లు తాగొచ్చిన మనిషికి తను ఎక్కడ మాట నేర్చుకున్నాడో గుర్తులేదు. కానీ పెదవులకు పాత అలవాటు పోలేదు. బాగా సాగదీసి, నిదానంగా, నరసయ్య నేర్పినట్టే కదులుతున్నాయి.

"నరసయ్యకు చెవుల్లేవ్. అందరి ముందల తనే ఒప్పుకున్నడు. వాసుదేవ్ కాళ్లు మొద్దువడ్డయ్. ఈ ఇద్దర్ని ముందల తీసేద్దం. ఎవ్వడు అడ్గడు."

ఇటు వీపు పెట్టి కూర్చున్న సేఠ్ ఏదో అన్నాడు. ప్రశాంత్ నవ్వాడు.

"నేను నోట్లకెల్లి గుంజలే సేఠ్. వాళ్లే చెప్పిన్రు. గదే ట్రైనింగ్."

నరసయ్య చేతిలో కండె అలాగే ఉండిపోయింది. మగ్గం ఆగింది, ఆయన చూడలేదు. పని పోతుందన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. తను గడ్డం పట్టుకుని నేర్పిన నోటితోనే తనను అమ్మేశాడు. పైగా ఎర వేయడానికి తననే వాడుకున్నాడు. పక్కనున్న వాసుదేవ్‌కు మొహం చూపించలేక, తెగిన పోగు వెతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగాడు.

మర్నాడు ప్రశాంత్ ముందుగా వాసుదేవ్‌ను పిలిచి చెప్పాడు, శనివారం ఆఖరు రోజని. వాసుదేవ్ కేబిన్ నుంచి నేరుగా నరసయ్య మగ్గం దగ్గరికి వచ్చాడు.

"నువ్వు నోరు తెరిస్తెనే నేను తెరిచిన. నువ్వు, వాడు కలిసి చేసిన్రా?"

అని మొహం తిప్పుకున్నాడు. నరసయ్య పెదవులు కదిపాడు, లేదురా, నాకు తెల్వదురా అని. అవతల వాసుదేవ్ వీపే ఉంది. ఇన్నేళ్లు పక్కపక్క మగ్గాల మీద బతికిన మనిషి వీపుతో ఆయన చాలాసేపు మాట్లాడాడు.

ఆ సాయంత్రానికి నరసయ్యకూ అదే కబురు అందింది. శనివారం మధ్యాహ్నం మళ్లీ మగ్గాలు ఆపారు. శాలువాలు, కొబ్బరికాయలు తెచ్చారు. మనుషుల్ని వెళ్లగొట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది కదా. మేడమ్ వచ్చింది, సేఠ్ కుర్చీలో కూర్చున్నాడు, మిగతావాళ్లు సర్కిల్‌గా నేల మీద. వాసుదేవ్ శాలువా కప్పించుకుని తల దించుకుని కూలబడ్డాడు. ప్రశాంత్ నరసయ్యను మధ్యలో నిలబెట్టి, వెనక నుంచి భుజాల మీద శాలువా వేసి, ఫోటో కోసం ఆ చేతులు అక్కడే ఉంచాడు. నరసయ్య మీద ఆ చేతులు నిప్పుల్లా ఉన్నాయి. ఫోటో అయ్యాక ఇక మాట్లాడమన్నట్టు ప్రశాంత్ ఆయన భుజం తట్టాడు.

నరసయ్య కాలితో నేలను గట్టిగా కొట్టాడు. వాసుదేవ్ తలెత్తాడు. అప్పుడు ఆ ముసలాయన ఆగిన మగ్గాల మధ్య, చప్పుడు లేకుండా, పెదవులతో మాట్లాడాడు.

"మనం సర్కిల్ల అన్నది వీడు కేబిన్ల చెప్పిండు. అద్దంలకెల్లి నా కండ్లతోని చూసిన. వాసుదేవ్, నేను వీనితోని కలవలే. నన్ను గూడ అమ్మిండు. ఇగ వీని ముందల ఎవ్వరు నోరు తెర్వకుండ్రి."

మేడమ్‌కు కళ్లు చెమర్చాయి. పాపం, దుఃఖంతో పెద్దాయనకు గొంతు పెగల్లేదనుకుని చప్పట్లు కొట్టింది. ఇంకెవరూ కొట్టలేదు. వెనక నిలబడ్డ ప్రశాంత్‌కు ఆ సర్కిల్‌లో మొహాలు మారడం కనపడింది కానీ ఎందుకో అంతుపట్టలేదు.

"కాకా ఏమన్నడు?" అని పార్వతీబాయిని అడిగాడు. ఆమె మొహం తిప్పుకుంది. పక్కనున్నవాణ్ణి అడిగాడు. వాడూ తిప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, సర్కిల్ మొత్తం. వాసుదేవ్ ఒక్కడే నరసయ్య మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా.

ప్రశాంత్‌కు అప్పుడు అర్థమైంది. చుట్టూ తిరిగి నరసయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కేబిన్ వైపు ఒకసారి చూసి, మళ్లీ ఈయన వైపు చూసి, పెదవులు కదిపాడు. బాగా సాగదీసి, నిదానంగా, మొహం మొత్తం చూపిస్తూ.

"కాకా..."

అంతవరకే చూశాడు నరసయ్య. కళ్లు మూసుకున్నాడు.