ఎద్దులకు పోసే ఆకు

బయ్యన్నకు బేడీలు వేసి జీపెక్కించినప్పుడు నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ సిగ్గుతోనే ఈ కథ చెబుతున్నాను, వినండి.

నా పేరు సంజీవయ్య. ఆళ్లగడ్డ దాటి కొండ వారన సుబ్బరాయుడి కంకర మిషనులో రాతికి బెజ్జాలు వేస్తాను. మా చర్చిపేట వాళ్లం, నల్లమల నుంచి దిగివచ్చిన చెంచులు, అందరం అక్కడే దుమ్ము తింటాం. కిందటి నెల అందరం పని ఆపి మూడు అడిగాం. మూతికి మాస్కు, రోజుకు ఎనిమిది గంటల పని, మధ్యాహ్నం టీతో పాటు పంచే గంజాయి పొట్లం బందు. అవును, పొట్లమే. మేస్త్రీ మద్దిలేటి టీ గ్లాసు వెంట చేతిలో పెడతాడు. పీల్చినవాడికి నడుము నొప్పి తెలియదు, పొద్దు గుంకింది తెలియదు. సాల్మన్ రాజు ఆ మత్తులోనే తిరిగే బెల్టులో చెయ్యి పెట్టాడు. మూడో రోజుకు మనిషే పోయాడు. అతని పెండ్లాం జీవమ్మ ఆ తర్వాత అదే మిషను కింద కంకర ఎత్తే పనికి వచ్చింది.

అడిగిన వాళ్లలో ముందు నిలబడ్డది బయ్యన్న. మాస్కులు రాలేదు గానీ పోలీసులు వచ్చారు.

"గంజాయి చెట్లు ఉండాయంట గదా, యాడ?" అన్నాడు ఎస్సై.

బయ్యన్న మొహం విప్పారింది. "ఉండాయి సార్, రాండి. ఎద్దుకు ఉబ్బరమా?" అని తానే దారి తీసి, కొట్టం వెనక ఉన్న రెండు చెట్లు చూపించాడు.

వాళ్ల ఇంటి ఆచారం అది. మందు చెట్టు అడిగినవాడికి చూపించాలి, దాస్తే దాని గుణం పోతుందని వాళ్ల తాత చెప్పాడు. మా ఊళ్లో ఏ ఎద్దు కడుపు ఉబ్బినా ఆ ఆకు నూరి పోసింది బయ్యన్నే. తాను మాత్రం ఒక్క దమ్ము పీల్చి ఎరుగడు. చెట్లు పీకేశారు. పదేండ్ల దాకా జైలు పడే కేసు పెట్టారు. మేం భయపడి మళ్లీ పనిలోకి దిగాం. పొట్లాలు పంచే మద్దిలేటి ఆ సాయంత్రం కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందరే కూర్చున్నాం. నంద్యాలలో లా చదివే మా పేట హర్ష మొదలుపెట్టాడు.

"చట్టమే తప్పు. పెద్దోళ్లు వాడుకుంటే అది వాళ్ల ఇష్టం. నేరం కాదని చట్టం వస్తే బయ్యన్న మామను ఎవురు ముట్టుకుంటారు? ఈ కేసుల్లో జైలుకు పోయేది మనట్లాంటోళ్లే గదా."

జీవమ్మ లేచింది. "ఎవురి ఇష్టమప్పా? మా ఆయన ఇష్టపడి పీల్చినాడా? వద్దన్నోనికి మర్నాడు పని లేదు. నీ చట్టం వస్తే సుబ్బరాయుడు బోర్డు కట్టి అమ్ముతాడు. సారా అంగడి అట్ల గాదా వచ్చింది?"

"ఇప్పుడు పంచకుండా ఉండాడా అత్తా? ఉన్న చట్టం ఏం పీకింది?"

"ఏమీ పీకలే. వచ్చేదీ పీకదు. పొట్లమిచ్చే చెయ్యి యాడుండాదో ఆడ పట్టుకోవల్ల."

నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది, ఎందుకంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న భూదేవి, బయ్యన్న భార్య, మెల్లగా అన్నది.

"ఎద్దుకు ఉబ్బరమొస్తే అందరూ మా గుడిసెకొస్తిరి. జీపొచ్చిన దినం ఒక్కరూ రాకపోతిరి."



ఉపాయం చెప్పింది జీవమ్మే. వారం పాటు పొట్లం తీసుకోవాలి గానీ పీల్చకూడదు, తెచ్చి తనకివ్వాలి. అలవాటు పడ్డ ఒళ్లకు అది చిన్న మాట కాదు. నాతో పాటు బెజ్జాలు వేసే రామయ్య రెండో రోజే తట్టుకోలేక ఏడ్చాడు. అయినా పొట్లం తెచ్చి ఇచ్చాడు.

వారం గడిచాక సోమవారం నంద్యాలలో అర్జీలు తీసుకునే పెద్దాఫీసుకు నూరు మందిమి పోయాం. జీవమ్మ సంచి విప్పి పొట్లాలన్నీ బల్ల మీద కుమ్మరించింది.

"సుబ్బరాయుడు టీతో పంచినవి ఇవి. పంచినోన్ని పట్టుకోండి. ఎద్దులకు మందు పోసినోన్ని ఇడిసిపెట్టండి."

"ఆయప్ప ఇచ్చినాడనేదానికి సాక్ష్యమేందీ?" అన్నాడు బందోబస్తుకు వచ్చిన పోలీసు అధికారి.

"మేము నూరుమంది."

"అవన్నీ తర్వాత. ఎవురి దగ్గర దొరికితే వాళ్లదే నేరం. సంచి ఎవురిది?"

"నాది," అన్నాను. ఈసారి నోరు తెరిచాను. రామయ్య నాదన్నాడు, భూదేవి నాదన్నది, హర్ష నాదన్నాడు. జీవమ్మ మమ్మల్ని తోసుకుని ముందుకొచ్చింది.

"నాదే సార్. పొగ వాసనొస్తే మొగున్ని గడప తొక్కనియ్యనిదాన్ని. గంజాయి కేసు నా మీదనే రాసుకో. పొట్లాలు యాడినుంచి వచ్చినాయని జడ్జి అడుగుతాడు గదా, ఆడ చెప్తా."

వ్యానుకు అడ్డం కూర్చున్నాం. ఈడ్చి పడేసి ఆమెను తీసుకుపోయారు.

మర్నాటి నుంచి ఎవరం పనికి పోలేదు, మిషను తిరగలేదు. మూడో రోజు రామయ్య ఎద్దుకు ఉబ్బరం వచ్చింది. ఆకు లేదు, పోసే మనిషి లేడు. మధ్యాహ్నానికి కొట్టుకుని కొట్టుకుని చచ్చింది. దాన్ని బండి మీద తెచ్చి మిషను గేటుకు అడ్డంగా పడుకోబెట్టి, చుట్టూ మేం కూర్చున్నాం. లారీలు రోడ్డు మీదే ఆగిపోయాయి. సుబ్బరాయుడు కారు దిగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిది? బేగా తియ్యండి దీన్ని."

భూదేవి కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"దీనికి మందు పోసేటోడు జైల్లో ఉండాడు. నీ పొట్లాలు చూపిచ్చిన ఆడమనిషీ ఆడనే ఉండాది. ఇద్దర్నీ తోడుకోని రా, తీస్తాం."

హర్ష వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏ చట్టం రావాలో జీవమ్మ అత్త వచ్చాక మళ్లీ కొట్లాడతానన్నాడు. పొద్దు గుంకేసరికి ఎద్దు వాసన మొదలైంది. మేం లేవలేదు.