మింగని గుక్క

చర్చి బెంచీల వీపు చెక్కలకు గుండ్రటి చిల్లులున్నాయి. ప్రభుబల్ల ముగిశాక, ద్రాక్షారసం తాగిన బుల్లి గాజు కప్పుల్ని అందరూ వాటిలో పెట్టి వెళ్లిపోతారు. ఆమె ఎడమ చంకన పాపను ఎత్తుకుని, కుడిచేత్తో ఒక్కో కప్పూ తీసి బెంచీ మీది ట్రేలో సర్దుతోంది. ప్రతివారం ఈ కప్పుల్ని పోగుచేసి వంటగదికి తెచ్చిచ్చే కాపలాదారు ఇవాళ జ్వరమని రాలేదు.

పాప మెడ ఆమె భుజానికి వేడిగా తగులుతోంది. వేడిగా ఉంటే భయం, చల్లబడితే మరీ భయం. నిన్న సాయంత్రం మళ్లీ ఫిట్స్ వచ్చాయి. మందు వేళ తప్పకుండా వేసింది.

"మందుదేముందే, అందరూ వేస్తారు. నీ నమ్మకానికి ఎక్కడో చిల్లుంది, అందుకే పిల్లకి తగ్గట్లేదు" అంది అత్తగారు, మందు చెంచా కడుగుతూ.

అత్తగారి దగ్గర అన్నిటికీ జవాబుంది. సండే స్కూల్లో ఆవిడ ముందు ప్రశ్నోత్తరాలు వల్లించని పిల్ల ఆ వీధిలో లేదు. "నిన్ను చేసిందెవరు?" అనడమే ఆలస్యం, "దేవుడు" అనాలి. ఆమె కూడా చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని అవే నేర్చుకుంది. ఎనిమిదో తరగతిలో బడి మానిపించారు గానీ ఆ జవాబులు మాత్రం పోలేదు. పాప మొదటిసారి కళ్లు తేలేసిన రోజున వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. తర్వాత వచ్చాయి. కానీ అప్పటికి అవి ఎవరి చెప్పులో వేసుకున్నట్టు అయిపోయాయి.

ఈ మాట పైకి అనడానికి లేదు. చర్చి ఊడ్చి, తుడిచి, కప్పులు కడుగుతున్నందుకే వెనకాల ఒక గది ఇచ్చారు. దానికి మూడు వైపులా చర్చి గోడే. నాలుగో వైపు వంటగది. ఆ వంటగది కిటికీ రెక్కలు రంగు వేసినప్పుడు అతుక్కుపోయి ఇక తెరుచుకోలేదు. లారీ మీద వెళ్లిన భర్త ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు.

రెండో వరుస చివర, స్తంభం పక్క చిల్లు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. కప్పు నిండుగా ఉంది.

పెళ్లై వచ్చి ఈ పని అందుకున్నప్పటి నుంచీ, కడగడానికి వచ్చే కప్పుల్లో ఒకటి ఇలాగే నిండుగా వచ్చేది. అంచున మాత్రం జిడ్డు మరక. ఎవరో పట్టింపు మనిషి అనుకుని మొక్క మొదట్లో పారబోసేది. స్తంభం పక్కన కూర్చునేదెవరో, ఏడాది పొడవునా పగిలిన పెదాలకు వేజలీన్ రాసుకునేదెవరో ఇప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు.

వంటగదిలో అత్తగారు ప్రభుబల్ల మీది తెల్లగుడ్డ మడతపెడుతోంది. ఆమె ట్రే దించి, నిండు కప్పును ఆ గుడ్డ పక్కన పెట్టింది.

"ఇది మీదే కదత్తయ్యా."

అత్తగారు మడత విప్పి, మళ్లీ మడిచింది.

"కాపలా వాడు రాలేదా?"

"జ్వరమంట."

"ఇవాళే రావాలా వాడికి జ్వరం!"

పంపు నీళ్లు చుక్కచుక్కగా తొట్టిలో పడుతున్నాయి. ఆవిడ పంపు బిగించి వచ్చి అంది. "నా పెద్దాడు పోయినప్పుడు మా అత్త, నీ నమ్మకం చాల్లేదు, అందుకే పోయాడు అంది. ఆ ఆదివారం కప్పు పెదాలకి ఆనించాను. గొంతు దిగలేదు. ఇప్పటికీ అంతే."

"మరి అదే మాట నన్నెందుకన్నారు?"

"నాకు ఇంకో మాట ఎవరూ నేర్పలేదే."

ఆమెకు అరవాలనిపించింది. పాప ఒళ్లు బిగుసుకున్న ప్రతిసారీ తన తప్పేనని కుమిలిపోయిన రోజులన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ ఆవిడ తెల్లగుడ్డ మీద లేని ముడతను వేలితో సాపు చేస్తోంది.

"నువ్వు మింగుతున్నావా?" అని చిన్నపిల్లలా అడిగింది అత్తగారు.

"మింగుతున్నా. నమ్మకం ఉండి కాదు. తాగేసి, ఇదేం న్యాయమని ఆ దేవుణ్ణే అడుగుతున్నా."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. కానీ అత్తయ్యా, గోడతో మాట్లాడితే ఇంత కోపం రాదు. వినేవాడుంటేనే వస్తుంది."

అత్తగారు ఫక్కున నవ్వింది. "ఈ జవాబు సండే స్కూల్లో చెప్పావంటే పాస్టరుగారు గది తాళం లాక్కుంటారు."

"కప్పు పారబొయ్యనా?"

"ఉండనీ. పాపనిలా ఇచ్చి, నువ్వు మిగతావి కడుగు."

ఆవిడ పాపను ఒళ్లో వేసుకుని కిటికీ కింద గోడకు చేరబడింది. కప్పును కిటికీ గట్టు మీద పెట్టుకుంది. ఆమె తొట్టి వైపు తిరిగింది. సబ్బునీళ్లలో గాజు గాజుకు తగిలి చిన్నగా మోగుతోంది. ఆ చప్పుడు చాటున ఆమె పెదాలు కదిలాయి. నువ్వున్నావని గట్టిగా చెప్పలేను. అయినా నీతోనే గొడవపడుతున్నా. నా సందేహం నాది, దాన్ని పిల్లదాని మీద వెయ్యకు. ఇది ఎవరో నేర్పిన ప్రార్థన కాదు. చివర ఆమెన్ అనడం కూడా మరిచిపోయింది.

ఆఖరి కప్పు బోర్లించి తిరిగేసరికి ఇద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు. అలవాటుగా పాప ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చటి ఊపిరి తగిలింది. ఎందుకో అదే వేలు అత్తగారి ముక్కు దగ్గరా పెట్టింది. ఊపిరి తగల్లేదు. వేలు అక్కడే ఉండిపోయింది.

పాప చుట్టూ బిగిసిన ఆ చేతుల్ని మెల్లగా విడదీసింది. ఆమె పిలుపు విని వీధిలోని ఆడవాళ్లు వచ్చారు. ఒకావిడ కిటికీ వైపు చెయ్యి చాపింది.

"ఆ ఒక్కటీ కడగొద్దక్కా" అంది ఆమె.

కిటికీ గట్టు మీద, అంచున వేజలీన్ మరకతో, కప్పులో రసం సగమే ఉంది.